సైకిల్ పందేనికి పస్తు పనికిరాదు!

"మా అమ్మాయి ఇంటర్ రెండో సంవత్సరం చదువుతోంది. జనవరి 26న మా ఊళ్ళో జరిగే 30 కిలోమీటర్ల సైకిల్ పందేనికి పేరిచ్చింది. ఇదే దానికి మొదటి పందెం. బరువు తగ్గితే సైకిలు తేలిగ్గా పోతుందని స్నేహితురాళ్ళెవరో చెప్పారట. పది రోజులుగా రాత్రి భోజనం మానేసింది. పందెం నాడు కూడా ఖాళీ కడుపుతోనే వెళ్తానంటోంది. మా అమ్మేమో, 'అంత దూరం తొక్కాలంటే ఒంట్లో బలం ఉండద్దూ? నెయ్యి వేసి పప్పన్నం, రెండు కోడిగుడ్లు తినిపించి పంపుతాను' అంటోంది. ఎవరి మాట వినమంటారు?"

ఒక తండ్రి రాసిన ఉత్తరం ఇది. ఇలాంటి తగవు చాలా ఇళ్ళలో ఉండేదే. అమ్మాయి మాట పూర్తిగా పొరపాటు. నాయనమ్మగారి మాటలో సగం నిజం ఉంది. వేళ మాత్రం తప్పు.

బలం ఎక్కడ దాగి ఉంటుంది?

మనం తినే అన్నం, ఇడ్లీ, రొట్టె, పండ్లలోని పిండిపదార్థాలు గ్లూకోజుగా మారతాయి. అప్పటికప్పుడు ఖర్చు కాని గ్లూకోజును శరీరం గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. ఈ నిల్వ పెద్దవాళ్ళ కండరాలలో సుమారు 300 నుంచి 500 గ్రాములు, కాలేయంలో 100 గ్రాముల వరకూ ఉంటుంది. వేగంగా తొక్కేటప్పుడు కాళ్ళకు ముఖ్యమైన ఇంధనం ఇదే. కొవ్వు కూడా కరుగుతుంది గాని, పందెం వేగానికి అదొక్కటే చాలదు.

1966లో స్వీడన్‌కు చెందిన బెర్గ్‌స్ట్రామ్, హల్ట్‌మన్ అనే ఇద్దరు పరిశోధకులు ఈ విషయాన్ని తమ శరీరాల మీదే పరీక్షించి చూశారు. ఒకే వ్యాయామ సైకిలుకు చెరోవైపు కూర్చుని, ఒక్కొక్కరు ఒక్క కాలితోనే, ఇక తొక్కలేమన్నంత వరకూ తొక్కారు. రెండో కాలికి పూర్తి విశ్రాంతి. తర్వాత మూడు రోజులు పిండిపదార్థాలు ఎక్కువగా ఉన్న ఆహారం తిన్నారు. తొడ కండరం నుంచి సూదితో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే, తొక్కిన కాలిలో గ్లైకోజెన్ తొక్కని కాలిలో కంటే సుమారు రెట్టింపు చేరింది! పని చేసి అలసిన కండరం, తిండి పెడితే, ఖాళీ అయినదాన్ని నింపుకోవడమే కాక మరింత దాచుకుంటుందన్నమాట. తిండి పెట్టకపోతే దాచుకోవడానికేమీ ఉండదు.

ఇప్పుడు మన అమ్మాయి సంగతి చూడండి. సాయంత్రం సైకిలు తొక్కి ఉన్న నిల్వ ఖర్చు చేస్తోంది. రాత్రి తినకుండా పడుకుంటోంది. నిద్రలో కూడా మెదడుకు గ్లూకోజు కావాలి కనుక, కాలేయంలో ఉన్న కాస్తా తెల్లవారేసరికి తరిగిపోతుంది. ఇక పందెంలో సగం దూరం వెళ్ళేసరికి కాళ్ళు బరువెక్కడం, చేతులు వణకడం, కళ్ళు తిరగడం మొదలవుతాయి. చుట్టూ మరో యాభై సైకిళ్ళు వేగంగా పోతున్నప్పుడు కళ్ళు తిరిగితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

పోనీ, బరువైనా తగ్గిందా అంటే అదీ భ్రమే. ఒక్కొక్క గ్రాము గ్లైకోజెన్‌తో పాటు సుమారు మూడు గ్రాముల నీరు కూడా శరీరంలో నిలుస్తుంది. పది రోజుల పస్తుతో తూకంలో తగ్గినట్టు కనబడేదాంట్లో చాలా భాగం ఈ గ్లైకోజెన్, నీరే. అంటే ఆమె వదిలించుకున్నది బరువును కాదు, ఇంధనాన్ని.

ఆడపిల్లల విషయంలో మరో మాట

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం, మన దేశంలో 15 నుంచి 49 ఏళ్ళ స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తంలో హిమోగ్లోబిన్ తక్కువైతే కండరాలకు ప్రాణవాయువు సరిగా అందదు. ఎంత సాధన చేసినా ఆయాసం తగ్గదు. కనుక పందేనికి పేరిచ్చిన అమ్మాయికి కొన్ని వారాల ముందే హిమోగ్లోబిన్ పరీక్ష చేయించడం మంచిది. తిండి తగ్గించి వ్యాయామం పెంచినందువల్ల నెలసరి తప్పితే, "ఆటల్లో ఇవి మామూలే" అని ఊరుకోకండి. శరీరానికి తిండి చాలడం లేదని అది చేసే హెచ్చరిక. వైద్యురాలికి చూపించండి.

ముందు రోజు భోజనం

ముప్పై కిలోమీటర్ల పందేనికి ప్రత్యేకమైన ఆహారం ఏమీ అక్కరలేదు. చివరి రెండు రోజులూ సైకిలు తేలిగ్గా తొక్కి, మూడు పూటలా కడుపునిండా తింటే చాలు. ముందు రాత్రి ఎనిమిది గంటలలోపు అన్నం, చారు, బాగా ఉడికిన కూర, అలవాటుంటే పెరుగు తినాలి. శనగలు, అలసందలు, క్యాబేజీ వంటి వాయువు చేసే పదార్థాలూ, బిర్యానీ, వేపుళ్ళూ ఆ రాత్రికి వద్దు.

పందెం నాటి ఉదయం

నెయ్యి, గుడ్లు, పప్పు మంచి ఆహారమే. కాని కొవ్వు, మాంసకృత్తులు ఎక్కువైతే కడుపు ఖాళీ కావడానికి చాలాసేపు పడుతుంది. పందెంలో రక్తం ఎక్కువగా కాళ్ళకు పోతుంది. జీర్ణాశయానికి వాటా తగ్గుతుంది. అరగని తిండితో తొక్కితే వికారం, కడుపునొప్పి, ఒక్కోసారి వాంతి. నాయనమ్మగారి పప్పన్నం, కోడిగుడ్లు పందెం అయిన తర్వాత అమృతంతో సమానం. అప్పుడు తప్పకుండా పెట్టమనండి.

పందెం ఏడు గంటలకైతే, నాలుగున్నరకు లేచి అయిదింటికల్లా తినడం పూర్తి చేయాలి. నాలుగు ఇడ్లీలు, ఒక అరటిపండు చాలు. ఇందులో సుమారు 60 గ్రాముల పిండిపదార్థాలు ఉంటాయి. 50 కిలోల బరువున్న అమ్మాయికి ఇది సరిపోతుంది. ఇడ్లీలోకి కారప్పొడి, అల్లం పచ్చడి కాకుండా పంచదారో, పలచని చట్నీయో వేసుకోవాలి. పూరీ, గారె, పెసరట్టు ఆ పూటకు వద్దు. భయంతో ముద్ద దిగకపోతే, రెండు అరటిపళ్ళు, తియ్యని మజ్జిగ అయినా ఫరవాలేదు.

మంచినీళ్ళు తిండితో పాటు రెండు గ్లాసులు తాగి, తర్వాత దాహాన్నిబట్టి గుక్కెడు గుక్కెడుగా తాగాలి. మూత్రం లేత పసుపు రంగులో ఉంటే నీరు సరిపోయినట్టే. బలం వస్తుందని లీటర్ల కొద్దీ తాగితే రక్తంలో ఉప్పు పలచబడి ప్రమాదం కూడా కలగవచ్చు. సైకిలుకు తగిలించే సీసాలో అరలీటరు నీళ్ళకు రెండు పెద్ద చెంచాల పంచదార, చిటికెడు ఉప్పు కలిపి ఇవ్వండి.

పందేనికి అరగంట, ముప్పావుగంట ముందు గ్లూకోజు నీళ్ళు గటగటా తాగితే కొందరికి రక్తంలో చక్కెర ఒక్కసారి పెరిగి మళ్ళీ తగ్గి నీరసం వస్తుంది. తాగాలనుకుంటే బయలుదేరడానికి పది నిమిషాలలోపు కొద్దిగా తాగవచ్చు. అన్నిటికంటే ముఖ్యమైన సూత్రం ఒకటుంది: పందెం నాడు ఏ కొత్త పదార్థమూ ముట్టకూడదు. ఇడ్లీ అయినా, పంచదార నీళ్ళయినా ముందు రెండు ఆదివారాలు అదే వేళకు తిని, తాగి, తొక్కి చూసుకోవాలి.

పెనం కాగాలి

పెనం కాగకముందే పిండి పోస్తే దోసె లేవదు. కండరాలూ అంతే. కాస్త వేడెక్కితే అవి త్వరగా ముడుచుకుని సాగుతాయి. గుండె, ఊపిరితిత్తులు ప్రాణవాయువును వేగంగా అందించడానికి సిద్ధమవుతాయి. చల్లటి కాళ్ళతో మొదటి కిలోమీటరులోనే దూసుకుపోయినవారు త్వరగా ఆయాసపడతారు.

పందేనికి అరగంట ముందు మొదలుపెట్టి ఇలా చేయాలి:

మొదటి 8 నిమిషాలు పక్కవారితో మాట్లాడుతూ తొక్కగలిగినంత నెమ్మదిగా.

తర్వాత 5 నిమిషాలు కొద్దికొద్దిగా వేగం పెంచుతూ, మాట ముక్కలు ముక్కలుగా వచ్చేదాకా.

ఆ తర్వాత మూడుసార్లు, పదేసి సెకన్లు గట్టిగా. ప్రతిసారీ మధ్యలో ఒక నిమిషం నెమ్మదిగా.

చివర 3 నిమిషాలు తీరికగా తొక్కి ఆపేయాలి. బయలుదేరడానికి 5, 10 నిమిషాల ముందు ఇది ముగిస్తే సరిపోతుంది. చెమట చిన్నగా పట్టాలి గాని, అలసట రాకూడదు.

కాళ్ళు చాచి వంగి నిమిషాల తరబడి అలాగే ఉండడం పందేనికి ముందు వద్దు. అలా ఎక్కువసేపు సాగదీసిన కండరంలో పట్టు కాసేపు తగ్గుతుంది. కాళ్ళు ముందుకీ వెనక్కీ పదిసార్లు ఊపితే చాలు. జనవరి చలిలో బయలుదేరేదాకా స్వెట్టరు తీయకూడదు. అదే ఏప్రిల్ ఎండలో అయితే ఈ కార్యక్రమం సగానికి తగ్గించి, నీడలో చేసుకోవాలి.

ఎప్పుడు మానుకోవాలి?

జ్వరం ఉంటే, ముందు రోజు వచ్చి తగ్గినా సరే, పందెం మానుకోవాలి. తొక్కేటప్పుడు ఛాతీలో నొప్పి, స్పృహ తప్పడం, గుండెదడ ఎప్పుడైనా వచ్చి ఉంటే, లేదా దగ్గరి రక్తసంబంధీకులలో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా చనిపోయి ఉంటే, డాక్టరు పరీక్షించి సరేననేదాకా పందెంలో దిగకూడదు. మధుమేహానికి ఇన్సులిన్ తీసుకునేవారు, ఉబ్బసం ఉన్నవారు మందుల సంగతి ముందుగానే తమ డాక్టరుతో మాట్లాడుకోవాలి. హెల్మెట్ మాట సరేసరి.

ఉత్తరం రాసిన తండ్రిగారికి చివరగా ఒక మాట. అమ్మాయిని కోప్పడవద్దు. ఈ రాత్రి నుంచే అందరూ కలిసి భోజనానికి కూర్చోండి. పందెం నాడు నాలుగున్నరకు లేచి ఇడ్లీ పెట్టే పని నాయనమ్మగారికి అప్పగించండి. ఆవిడ కోరిక తీరుతుంది, మనవరాలి కాళ్ళకు బలమూ చేరుతుంది. మొదటి పందెంలో బహుమతి వచ్చినా రాకపోయినా, చివరిదాకా తొక్కి, నవ్వుతూ దిగి, "ఆకలేస్తోంది" అంటూ ఇంటికి వస్తే చాలు. అప్పుడు పప్పన్నంలో నెయ్యి ధారాళంగా వేయవచ్చు!