గాలిని బట్టి యంత్రం: హోమ్ థియేటర్ పీసీ కథ

సినిమాలను టీవీ తెరకు అందించడానికి, పాటలు వినిపించడానికి, రెండింటినీ భద్రపరచడానికి ముందుగదిలో అమర్చుకునే చిన్న కంప్యూటరును హోమ్ థియేటర్ పీసీ అంటారు. 1996లో గేట్‌వే సంస్థ 31 అంగుళాల తెరతో విడుదల చేసిన డెస్టినేషన్ ఈ జాతి తొలి యంత్రాలలో ఒకటి. 2001లో వీఐఏ సంస్థ 17 సెంటీమీటర్ల చదరపు మదర్‌బోర్డును, అంటే మినీ-ఐటీఎక్స్‌ను రూపొందించడంతో పెట్టె చిన్నదైంది. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ తన విండోస్ ఎక్స్‌పీకి మీడియా సెంటర్ అనే రిమోట్‌తో నడిచే రూపాన్ని చేర్చడంతో అది సోఫా దగ్గరకు వచ్చింది. 2015 నాటి విండోస్ 10లో ఆ మీడియా సెంటర్‌కు చోటు దక్కలేదు గాని, ఎక్స్‌బాక్స్ ఆటల పెట్టె కోసం పుట్టి 2014లో కోడిగా పేరు మార్చుకున్న ఉచిత సాఫ్ట్‌వేర్ మాత్రం నేటికీ నడుస్తున్నది.

తొలిసారి భాగాలు ఎంచుకునేవారు ప్రాసెసర్ వేగాన్నే చూస్తారు. నిజానికి చూడవలసింది దానిలోని డీకోడర్‌ను. 1920×1080 బిందువుల చిత్రాన్ని సెకనుకు 24 ఫ్రేముల చొప్పున కుదించకుండా పంపితే సెకనుకు దాదాపు 1.2 గిగాబిట్లు అవుతుంది, బ్లూ-రే డిస్కు మాత్రం చిత్రానికి సెకనుకు గరిష్ఠంగా 40 మెగాబిట్లే కేటాయిస్తుంది. ఇలా కుదించిన దానిని తిరిగి విప్పడమే డీకోడింగ్. దీనికోసం చిప్‌లో ప్రత్యేక విభాగం ఉంటే కొద్దిపాటి విద్యుత్తుతో పని ముగుస్తుంది, లేకుంటే ప్రాసెసర్ అంతా శ్రమించి వేడెక్కుతుంది. 2013లో వీడియో కుదింపు ప్రమాణంగా వెలువడిన హెచ్‌ఈవీసీని 10-బిట్ రూపంలో, అంటే ప్రతి వర్ణానికి 256కు బదులు 1024 అంతరాలతో, విప్పే విభాగం ఇంటెల్ ఏడవ తరం చిప్‌లలో సమకూరింది. ఏవీ1 అనే మరో కుదింపు పద్ధతి కావాలంటే పదకొండవ తరం అవసరం. ఫ్రేముల లెక్క కూడా ఇంతే సూక్ష్మమైనది: డిస్కులపై చాలా సినిమాలు సెకనుకు 23.976 ఫ్రేములతో ఉండగా, 2010 ప్రాంతపు కొన్ని ఇంటెల్ చిప్‌లు సరిగ్గా 24 చొప్పున పంపినందున, సుమారు 40 సెకన్లకోసారి చిత్రం తొట్రుపడేది. ఓటీటీ మాత్రమే చూసే ఇంటికి ఈ శ్రమ అక్కరలేదు. టీవీలోని యాప్‌లే చాలు.

మిగిలిన భాగాల ఎంపిక ఊరిగాలి మీద ఆధారపడుతుంది. ఉదాహరణకు సూరత్ నగరం లోపల, మరమగ్గాల పనికి తెలంగాణ నుంచి వలస వచ్చిన కుటుంబాల పేటల్లో, ఫ్యానుకు దారపు ధూళి చుట్టుకోవచ్చు. అదే సూరత్ శివార్లలో అరేబియా సముద్రం ఒడ్డున, నల్ల ఇసుకకు పేరుపడిన డుమస్‌లో మాత్రం అసలు శత్రువు ఉప్పు. అలల తుంపరలతో గాలిలోకి లేచే ఉప్పు కణాలను ఫ్యాను పెట్టెలోకి లాగి మదర్‌బోర్డుపై పరుస్తుంది. సాపేక్ష ఆర్ద్రత, అంటే ఆ ఉష్ణోగ్రతలో గాలి పట్టగల తేమలో ఉన్న భాగం, సుమారు 75 శాతం దాటినప్పుడు సోడియం క్లోరైడ్ తేమను పీల్చుకొని తానే ద్రవమవుతుంది, ఆ ఉప్పునీటి పొర విద్యుత్తును ప్రసరింపజేసి లోహాన్ని తినివేస్తుంది. కనుక అక్కడ 15 వాట్ల తరగతి ప్రాసెసర్, వేడిని లోహపు రెక్కల ద్వారా వెదజల్లే ఫ్యానులేని అల్యూమినియం పెట్టె, తిరిగే పళ్ళేలు లేని ఎస్‌ఎస్‌డీ, 8 గిగాబైట్ల మెమొరీ, 4కే చిత్రాన్ని సెకనుకు 60 ఫ్రేములతో పంపగల హెచ్‌డీఎంఐ 2.0 ఉంటే చాలు. పెట్టె అల్యూమినియంను కూడా ఉప్పు గుంటలు పడేట్టు తింటుంది గనుక ఆనోడైజ్ చేసినది, అంటే ఉపరితలంపై ఆక్సైడ్ పొర పెంచినది, తీసుకోవడం మేలు.

వానాకాలంలో యంత్రాన్ని పూర్తిగా ఆపివేయడం జాగ్రత్తగా తోచినా, డుమస్‌లో అది బెడిసికొట్టవచ్చు. 28 డిగ్రీల వద్ద 85 శాతం ఆర్ద్రత ఉన్న గాలి పెట్టెలో 35 డిగ్రీలకు వెచ్చబడితే, తేమ పరిమాణం మారకపోయినా సాపేక్ష ఆర్ద్రత దాదాపు 57 శాతానికి దిగి, బోర్డుపై పేరుకున్న ఉప్పు పొడిగానే ఉండిపోతుంది. ఖాళీగా నడిచే చిప్ వాడే కొద్ది వాట్లే ఆ వెచ్చదనానికి సరిపోవచ్చు.