పెట్ కేర్: కుందేలుకు క్యారెట్, బ్రెడ్ పెడుతున్నారా? మాన్పించండి.. కానీ ఒక్కరోజులో మాత్రం వద్దు!

ఇంట్లో కుందేలు ఉంటే పిల్లలకు పండగే. బిస్కెట్ ఇస్తే తింటుంది, బ్రెడ్ ఇస్తే తింటుంది. క్యారెట్ అయితే చేతిలోంచి లాక్కుని మరీ తింటుంది. ఆ వీడియోలకు వ్యూస్ కూడా బాగానే వస్తాయి. కానీ ఇష్టంగా తినేదంతా దాని కడుపుకు పడదు. ఈ సంగతి తెలిశాక కొందరు చేసే పని ఇంకా ప్రమాదం. పాత తిండి ఒకేసారి ఆపేసి, ముందు గడ్డి పడేసి, 'ఆకలేస్తే అదే తింటుందిలే' అని వదిలేస్తారు. ఈ లెక్క కుందేలు దగ్గర పనిచేయదు.

కడుపు కదలడం ఆగితే అంతే..

కుందేలు పేగులు ఎప్పుడూ కదులుతూనే ఉండాలి. వాటిని కదిలించేది గడ్డిలోని పీచు. తిండి ఆగితే కదలిక మందగిస్తుంది, గ్యాస్ పడుతుంది, నొప్పి మొదలవుతుంది. నొప్పితో అది ఇంకా తినదు. పైగా కుందేలు వాంతి చేసుకోలేదు. ఈ పరిస్థితినే వెట్ డాక్టర్లు 'జీఐ స్టేసిస్' అంటారు. బాగా లావెక్కిన కుందేలు పస్తుంటే ఒంట్లోని కొవ్వు కాలేయంలోకి చేరి, అది కూడా దెబ్బతింటుంది. అందుకే 10-12 గంటలు ఏమీ తినకపోయినా, పెంటికలు వేయకపోయినా ఎమర్జెన్సీ కిందే లెక్క.

అసలు ఏం తినాలి?

తిండిలో 80 శాతానికి పైగా ఎండుగడ్డే ఉండాలి. కుందేలుకు 28 పళ్లు. అన్నీ జీవితాంతం పెరుగుతూనే ఉంటాయి. ముందు పళ్లయితే వారానికి దాదాపు 2 మిల్లీమీటర్లు. గంటలకొద్దీ గడ్డి నమిలితేనే అవి అరుగుతాయి. బ్రెడ్, అన్నంతో ఆ పని జరగదు. ఇక క్యారెట్ అంటారా.. అందులో చక్కెర ఎక్కువ. ఎప్పుడో ఒక చిన్న ముక్క చాలు. 1940లో తెరమీదకొచ్చిన బగ్స్ బన్నీ క్యారెట్ కొరుకుతూ కనిపించాడు కానీ, అది కార్టూన్. క్యారెట్ ఆకులు మాత్రం నిక్షేపంగా పెట్టొచ్చు.

తిమోతి గడ్డి పెట్ షాపుల్లో, ఆన్‌లైన్‌లో దొరుకుతుంది, ధర కాస్త ఎక్కువే. రోడ్స్ గడ్డి, ఓట్స్ గడ్డి కూడా పనికొస్తాయి. వరిగడ్డి చవకే కానీ పోషకాలు తక్కువ, సిలికా ఎక్కువ. దాని మీదే బతకమంటే కష్టం. లూసర్న్‌లో కాల్షియం, ప్రోటీన్ ఎక్కువ, కాబట్టి అది పిల్ల కుందేళ్లకే. వినాయక చవితికి కొనే గరిక ఉంది చూడండి, అది కుందేలుకు మంచి పచ్చిమేత. అయితే రోడ్డు పక్కన, మందు కొట్టిన పార్కుల్లో కోసింది వద్దు. వానాకాలంలో ఎండుగడ్డికి బూజు పడుతుంది. వాసన తేడాగా ఉంటే పారేయడమే.

మార్పు ఎలా?

మొదటి వారం ఏదీ తగ్గించకండి. గడ్డి మాత్రం రోజంతా అందుబాటులో ఉంచండి. కుందేలుకు మలవిసర్జన చేస్తూ నమిలే అలవాటు ఉంటుంది. అందుకే లిట్టర్ ట్రే పక్కనే గడ్డి పెడితే తొందరగా మరుగుతుంది. కొత్తిమీర, పుదీనా తరిగి గడ్డిలో కలపండి. పెల్లెట్లు గిన్నెలో కాకుండా గడ్డిలో చల్లండి, వెతుక్కుంటూ గడ్డి కూడా కొరుకుతుంది. గడ్డి తినడం కళ్లారా చూశాకే బ్రెడ్, బిస్కెట్లు కొద్దికొద్దిగా మాన్పించాలి. పెల్లెట్లను కూడా వారానికి పావు వంతు చొప్పున తగ్గించాలి. చివరికి కిలో బరువుకు రోజుకు 20-25 గ్రాములు మించకుండా చూసుకుంటే చాలు.

ఆకుకూరలు ఒక్కోసారి ఒక్కటే, అదీ రెండు మూడు ఆకులతో మొదలుపెట్టాలి. కొత్తిమీర, ముల్లంగి ఆకులు బాగుంటాయి. పాలకూర అప్పుడప్పుడే. ఉల్లి, వెల్లుల్లి, చాక్లెట్ అసలు వద్దు.

ట్రేలోనే రిపోర్ట్

తిండి పడుతోందా లేదా అన్నది ట్రే చూస్తే తెలిసిపోతుంది. పెంటికలు గుండ్రంగా, పొడిగా, ఒకే సైజులో ఉంటే అంతా ఓకే. చిన్నవైపోయినా, తగ్గిపోయినా మార్పును అక్కడే ఆపి, మొన్నటి వరకూ పడిన తిండికి వెళ్లాలి. ద్రాక్షగుత్తిలా మెత్తగా ఉండేవి వేరు. వాటిని కుందేలు మళ్లీ తినేస్తుంది, దానికి అందులో పోషకాలుంటాయి. కంగారు పడక్కర్లేదు. అవి తినకుండా ట్రేలో మిగిలిపోతున్నాయంటే మాత్రం పెల్లెట్లు, తీపి ఇంకా ఎక్కువవుతున్నాయేమో చూడాలి. వారానికోసారి వంటింటి కాటా మీద బరువు కూడా చూడండి.

ఒక మూలన ముడుచుకుని కూర్చుని, పళ్లు కొరుకుతూ, ఇష్టమైన క్యారెట్ ఇచ్చినా మొహం తిప్పుకుంటే తెల్లారేదాకా ఆగొద్దు. కుందేళ్లకు వైద్యం చేసే డాక్టర్ నంబర్ ముందే ఫోన్‌లో పెట్టుకోవడం మంచిది, ఎందుకంటే కుక్కలు, పిల్లులు చూసే ప్రతి క్లినిక్‌లోనూ కుందేలును చూడరు. ఇంట్లో ఉన్న యాంటీబయాటిక్ మాత్రలు వేయొద్దు. అమాక్సిసిలిన్ లాంటివి నోటి ద్వారా వేస్తే కడుపులోని మంచి బ్యాక్టీరియా చచ్చి, కుందేలు ప్రాణం పోవచ్చు.