వెబ్‌సైటుకు అసలు పరీక్ష చౌక ఫోనులోనే

2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ఐఫోన్ వినియోగదారులను బెంబేలెత్తించింది. ‘జ్ఞా’ అనే అక్షరం ఒక ప్రత్యేక సంకేతక్రమంలో సందేశంగా వచ్చి చేరితే చాలు, దానిని తెరపై చూపబోయిన అప్లికేషన్ కుప్పకూలిపోయేది. అక్షరాన్ని కూర్చే సంకేతాల నడుమ కంటికి కనిపించని మరో సంకేతం ఇమిడి ఉండటం, దానిని ఆపిల్ సంస్థ సాఫ్ట్‌వేర్ సరిగా గ్రహించలేకపోవడం ఇందుకు కారణం. ఆ నెల 19న ఆపిల్ సవరణ విడుదల చేసింది. కాగా, అదే అక్షరం ఆండ్రాయిడ్ ఫోన్లలో ఏ ఇబ్బందీ కలిగించకపోవడం గమనార్హం.

పాఠం ఒకటే అయినా పరికరం మారితే ఫలితం మారిపోతుంది. వెబ్‌సైట్లు నిర్మించేవారికి నిత్యం ఎదురయ్యే చిక్కు ఇదే. పింఛను దరఖాస్తు, రైలు టికెట్టు, పన్నుల చెల్లింపు, పరీక్షా ఫలితాలు అన్నీ వెబ్‌సైట్లకు చేరిన తరుణంలో ఇది నిపుణులకు మాత్రమే పరిమితమైన విషయం కాదు. సామాన్యునికి అందవలసిన సేవకు సంబంధించిన విషయం.

తేడా ఎందుకు?

వెబ్ పేజీ అచ్చువేసిన కాగితం వంటిది కాదు. అది సూచనల సమాహారం మాత్రమే. ఆ సూచనలను చదివి పేజీని కూర్చే పని బ్రౌజర్‌లోని ‘ఇంజన్’ చేస్తుంది. నేడు ప్రధానంగా మూడు ఇంజన్లున్నాయి. క్రోమ్, ఎడ్జ్, ఒపేరా వంటివి ‘బ్లింక్’ను, సఫారీ ‘వెబ్‌కిట్’ను, ఫైర్‌ఫాక్స్ ‘గెకో’ను వాడుతున్నాయి. ఒకే సూచనను ఇవి ఒక్కొక్కప్పుడు ఒక్కో తీరుగా అమలు చేస్తాయి. ఈ తేడాలను తగ్గించేందుకు ఆపిల్, గూగుల్, మైక్రోసాఫ్ట్, మొజిల్లా 2022 నుంచి ‘ఇంటరాప్’ పేరిట ఏటా ఉమ్మడి పరీక్షలు చేపడుతున్నాయి.

దీనికి తెర పరిమాణం, ఫోను వేగం, ఆపరేటింగ్ సిస్టమ్ వయసు తోడవుతాయి. 2017లో వచ్చిన జియోఫోన్ తెర 2.4 అంగుళాలే. అందులో వేలితో తాకే సదుపాయం లేదు, మీటలు నొక్కవలసిందే. వెడల్పాటి తెరముందు కూర్చున్న ఇంజనీరుకు చక్కగా కనిపించిన పేజీ అటువంటి ఫోనులో అక్కరకు రాకపోవచ్చు.

ఒకే బ్రౌజర్‌ను నమ్ముకుంటే

ఒక బ్రౌజర్‌పైనే ఆధారపడటం ఎంత ప్రమాదమో మన దేశానికి అనుభవమే. 2001లో విడుదలైన ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్-6 రాజ్యమేలిన కాలంలో పలు ప్రభుత్వ వెబ్‌సైట్లు ఆ బ్రౌజర్‌లోనే చూడాలని మొదటి పేజీలోనే షరతు విధించేవి. డిజిటల్ సంతకానికి జావా అనుబంధ పరికరాలు వాడిన వెబ్‌సైట్లకు 2015లో చిక్కు వచ్చిపడింది. ఆ ఏడాది క్రోమ్ బ్రౌజర్ వాటికి మద్దతు ఉపసంహరించుకుంది. చివరకు 2022 జూన్ 15న మైక్రోసాఫ్ట్ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్-11కే స్వస్తి పలికింది. తెలుగు పత్రికల వెబ్‌సైట్లు సైతం ఒకప్పుడు సొంత ఫాంట్లను వాడినందున ఇతర బ్రౌజర్లలో తెలుగు బదులు గజిబిజి గుర్తులు ప్రత్యక్షమయ్యేవి. యూనికోడ్ వ్యాప్తితో ఆ బెడద తొలగింది.

పరీక్ష జరిగే తీరు

నిర్మాణ దశలో పరీక్ష మూడంచెలుగా సాగుతుంది. మొదటిది, కంప్యూటరు తెరపైనే ఫోను నమూనాను సృష్టించి చూడటం. ఇది చౌక, సులభం. అయితే ఆ నమూనా ఇంజనీరు కంప్యూటరు బలంతో పనిచేస్తుంది గనుక చౌక ఫోను నత్తనడక అందులో పూర్తిగా బయటపడదు. రెండవది, మనిషి చేసే పనులను యంత్రం చేతనే చేయించడం. 2004లో పుట్టిన ‘సెలీనియమ్’ ఇందుకు పేరొందిన ఉపకరణం. మూడవది, అసలు ఫోనును చేతపట్టి చూడటం. కీబోర్డు పైకి లేచి ‘సమర్పించు’ మీటను కప్పివేయడం వంటి లోపాలు ఇక్కడే తెలిసివస్తాయి.

భారతీయ భాషల విషయంలో మరింత జాగ్రత్త అవసరం. ‘లక్ష్మి’ అనే పేరు కంటికి రెండే అక్షరాలు. యూనికోడ్ లెక్కలో అది 7 సంకేతాలు, యూటీఎఫ్-8 పద్ధతిలో 21 బైట్లు. పేరుకు 20 బైట్లే కేటాయించిన దరఖాస్తులో ఆ పేరు పట్టదు. ఆంగ్లంలో మాత్రమే పరీక్షించిన ఇంజనీరుకు ఈ లోపం ఎన్నటికీ కనిపించదు.

అవసరమే వ్యాపారం

వేలకొద్దీ ఫోన్లు కొనడం చిన్న సంస్థలకు తలకు మించిన భారం. ఈ అవసరాన్నే వ్యాపారంగా మలచిన వారిలో భారతీయులు ముందున్నారు. ఐఐటీ బొంబాయిలో చదివిన రితేష్ అరోరా, నకుల్ అగర్వాల్ 2011లో స్థాపించిన ‘బ్రౌజర్‌స్టాక్’, అసలు ఫోన్లను డేటా కేంద్రాల్లో ఉంచి ఇంటర్నెట్ ద్వారా పరీక్షకు అద్దెకిస్తుంది. 2021 జూన్‌లో 20 కోట్ల డాలర్ల పెట్టుబడి సమీకరించినప్పుడు ఆ సంస్థ విలువను 400 కోట్ల డాలర్లుగా లెక్కగట్టారు.

నిబంధన కాగితంపైనేనా?

ప్రపంచానికి పరీక్షా సేవలు అమ్ముతున్న దేశంలో మన పౌరసేవల సంగతేమిటన్నది సహజంగా ఉదయించే ప్రశ్న. ప్రభుత్వ వెబ్‌సైట్లను పలు బ్రౌజర్లలో పరీక్షించాలని 2009 నాటి కేంద్ర మార్గదర్శకాలే నిర్దేశించాయి. 2023లో వాటి మూడవ కూర్పు వెలువడింది. ఆన్‌లైన్ గుర్తింపు ప్రక్రియలో కనురెప్పలు ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు, అంధులు ఎదుర్కొంటున్న ఇక్కట్లపై దాఖలైన వ్యాజ్యాల్లో సుప్రీంకోర్టు 2025 ఏప్రిల్ 30న కీలక తీర్పు వెలువరించింది. డిజిటల్ సేవలను పొందగలగడం రాజ్యాంగం 21వ అధికరణం హామీ ఇచ్చిన జీవించే హక్కులో అంతర్భాగమని స్పష్టం చేసింది.

కనుక పరీక్షను పని ముగిశాక జరిపే లాంఛనంగా భావించరాదు. ఏయే ఫోన్లలో, ఏయే బ్రౌజర్లలో, ఏయే భాషల్లో పరీక్షించాలో టెండరు పత్రంలోనే పేర్కొనాలి. ఫలితాలను ప్రజల ముందుంచాలి. అన్నింటికన్నా నెమ్మదైన ఫోనుతోనే పరీక్ష మొదలు కావాలి. అందులో పనిచేసే వెబ్‌సైటు ఖరీదైన ఫోనులోనూ పనిచేసే అవకాశమే ఎక్కువ. ఖరీదైన ఫోనులో పనిచేసినదంతా పేదవాని చేతిలో పనిచేస్తుందన్న భరోసా మాత్రం లేదు.