పిడి బయట, బిరడా లోపల

ఒహాయోలో మేముంటున్న పాత ఇంటికి మా అమ్మ మొదటిసారి వచ్చింది చలికాలంలో. ఒక అర్ధరాత్రి వంటింట్లో అలికిడైతే లేచి వెళ్లాను. సన్నగా కారుతున్న కుళాయిని అమ్మ గట్టిగా బిగిస్తోంది. "ఏరా, నీళ్లు ఊరికే పోతుంటే చూసుకోవద్దూ?" అంది. "నేనే వదిలానమ్మా, కట్టకు" అన్నాను. వీధి పంపు దగ్గర బిందెతో వరసలో నిలబడ్డ మనిషికి ఆ మాట ఎలా మింగుడుపడుతుంది? ఆ ధార ఎందుకో ఆమెకి చెప్పబోయి, ఇంటి వెనక గోడకున్న కుళాయి దాకా వెళ్లాను.

నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది. ఫ్రీజర్‌లో మరిచిపోయిన గాజుసీసా పగలడం అందరూ చూసిందే. ఆ బలమెంతో తేల్చడానికి 1784-85లో క్యూబెక్‌లో బ్రిటిష్ ఫిరంగిదళ మేజర్ ఎడ్వర్డ్ విలియమ్స్ బోలు ఇనపగుండ్లలో నీళ్లు నింపి, వాటి నోళ్లలో ఇనప బిరడాలు దిగ్గొట్టి, ఆరుబయట చలిలో వదిలేశాడు. మంచు ఆ బిరడాలను వందల అడుగుల దూరం విసిరికొట్టింది. బిరడా కదలకపోతే గుండే పగిలింది.

పైపు సంగతి ఇంకాస్త చిక్కు. మంచు ఉబ్బి, ఉన్నచోటే పైపుని చీలుస్తుందని నేనూ అనుకునేవాణ్ణి. 1990లలో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు పైపులను గడ్డకట్టించి గమనించారు. నీరు సున్నా కంటే కొన్ని డిగ్రీలు దిగాక కూడా ద్రవంగానే ఉంటుంది, ఉన్నట్టుండి దానిలో సూదుల్లాంటి మంచు పలుకులు అల్లుకుంటాయి. అవి గట్టిపడి పైపుకి బిరడా అవుతాయి. ఆ బిరడా పెరిగేకొద్దీ ముందున్న నీటిని కట్టేసిన కుళాయి వైపు నెడుతుంది. మామూలుగా చదరపు అంగుళానికి 50 పౌన్ల దగ్గర్లో ఉండే ఒత్తిడి అక్కడ వేలల్లోకి పోతుంది. చివరికి మంచు లేనిచోట, నీళ్లున్నచోట, రాగి గొట్టం చేప నోరు తెరిచినట్టు చీలుతుంది. కుళాయి కాస్త వదిలి ఉంచితే ఆ నీటికి దారి దొరుకుతుంది. అమ్మ కట్టేసింది ఆ దారినే.

వెనక గోడ కుళాయికి ఆపద మరీ ఎక్కువ, సగం ఒళ్లు మంచులోనే కదా. దానికి ఉపాయం వీధిలోని పెద్దన్నలో కనిపిస్తుంది. చలి ప్రాంతాల్లోని అగ్నిమాపక హైడ్రెంటులో పైకి కనిపించే స్తంభం ఖాళీ గొట్టమే. వాల్వు భూమిలో, చలి దిగని లోతులో ఉంటుంది. పైన తిప్పితే పొడవాటి కడ్డీ కింది వాల్వుని తెరుస్తుంది. కట్టేశాక స్తంభంలో మిగిలిన నీరు అడుగునున్న రంధ్రంలోంచి మట్టిలోకి ఇంకిపోతుంది. ఆ నిలువు యంత్రాన్ని చిన్నది చేసి గోడలో పడుకోబెడితే మన కుళాయి అవుతుంది.

విప్పి చూస్తే అదొక ఎనిమిది నుంచి పన్నెండు అంగుళాల గొట్టం. ఒక కొసన పిడి, రెండో కొసన రబ్బరు వాషరు, రెంటినీ కలుపుతూ ఓ సన్నటి కడ్డీ. పిడి మంచులో ఉంటే, నీటిని ఆపే వాషరు గోడ దాటి ఇంటి వెచ్చదనంలో ఉంటుంది. గొట్టాన్ని బయటికి కాస్త వాలుగా బిగించాలి, ప్లంబరు పనితనమంతా అక్కడే ఉంది. పిడి కట్టేశాక కూడా కొన్ని క్షణాలు నీళ్లు కారతాయి. వాషరు అరిగిందనుకుని కొత్తవాళ్లు ఇంకా బిగిస్తారు. నిజానికి గొట్టం తనను తాను ఖాళీ చేసుకుంటోంది. ఈ యంత్రంలో నాకు అన్నిటికంటే ఇష్టమైనవి ఆ ఆఖరి చుక్కలు.

పాత ఇళ్లలో చాలావాటికి ఈ కుళాయి లేదు, బయటి గోడల్లో ఇన్సులేషనూ లేదు. మామూలు కుళాయి ఉన్నవాళ్లు చలి ముదరకముందే బేస్‌మెంట్‌లోని వాల్వు కట్టి, బయట కుళాయి తెరిచి ఉంచాలి. బయటి గోడకి ఆనుకున్న సింకు కింద తలుపులు రాత్రి తెరిచిపెడితే గది వేడి పైపుకి తగులుతుంది. అప్పటికే గడ్డకడితే ముందు కుళాయి తెరిచి, అక్కడినుంచి మొదలుపెట్టి హెయిర్ డ్రయ్యరుతో గోడ వైపు వేడి చేసుకుంటూ పోవాలి. మంట మాత్రం వద్దు, పాత ఇళ్ల గోడల్లో ఉండేది ఎండిన కలప. ఇంటికి నీళ్లొచ్చే అసలు వాల్వు ఎక్కడుందో పిల్లలతో సహా అందరికీ తెలిసి ఉండాలి. 2021 ఫిబ్రవరి 16న డాలస్‌లో చలి మైనస్ 19 డిగ్రీల సెల్సియస్‌కు దిగింది, టెక్సాస్‌లో లక్షల ఇళ్లకి కరెంటు లేదు. అటకల మీదుగా వెళ్లే పైపులు పగిలాయి. అక్కడి మన కుటుంబాలు చాలా ఆ వాల్వు కోసం చీకట్లో వెతుక్కున్నాయి.

గోడ కుళాయిని ఓడించేది తోటపైపు. దాన్ని తగిలించే ఉంచితే గొట్టంలో నీళ్లు బయటికి పోలేవు. జనవరిలో గొట్టం చీలుతుంది. వాల్వు లోపల మూసే ఉంది కాబట్టి ఒక్క చుక్క కారదు. ఏప్రిల్‌లో మొక్కలకి నీళ్లు పెడదామని పిడి తిప్పితే అవి గోడలోపల పడతాయి. మాకు బేస్‌మెంట్ సీలింగు మీద మరక విస్తరాకంత అయ్యాకే తెలిసింది. ఇప్పుడు అక్టోబరులో ఆకులు ఊడ్చే రోజే తోటపైపు విప్పి, నీళ్లు వంచేసి, చుట్టచుట్టి గ్యారేజీలో మేకుకి తగిలిస్తున్నాను.