మట్టానికే మట్టం పెట్టి చూడాలి

రాయలసీమలో పుట్టినవాడికి నీటి విలువ ఎవరూ చెప్పనక్కరలేదు. అయితే ఆ నీరు ముందుకు సాగాలంటే వాలు కావాలి. వాలు కావాలంటే ముందు మట్టం తెలియాలి. ఇక ఆ మట్టం చూసే సాధనమే తప్పయితే? ఈ ప్రశ్న నేను తరగతి గదిలో చదువుకున్నాను గానీ, దాని అర్థం మాత్రం మా చిన్నాయన చీనీ తోటలోనే బోధపడింది.

తోటలో నీళ్ళ తొట్టి నుండి చెట్ల మొదటి సాలు దాకా 30 మీటర్ల రాతికాలువ కట్టాలి. ‘ఇంజనీరు చదివినోడివి, మట్టం నువ్వే చూడు అబ్బీ’ అన్నాడు చిన్నాయన. టౌనులో ఒక లేజర్ లెవెల్ అద్దెకు తెచ్చాను. పొద్దు వాలినాక తొట్టి దగ్గర దాన్ని స్టాండు మీద నిలిపి, వరుసగా నాటిన గూటాల మీద పచ్చగీత పడిన చోటల్లా గుర్తులు పెట్టాను. వెయ్యికి ఒకటి వాలు, అంటే 30 మీటర్లకు 3 సెంటీమీటర్లు దిగేటట్లు లెక్క కట్టి ఇచ్చాను. బేల్దార్లు నా గుర్తుల ప్రకారమే కట్టారు. తీరా నీళ్ళు వదిలితే అవి సగం దూరం పోయి, అటూ ఇటూ చూసి, కదలకుండా నిలబడిపోయాయి!

పెద్ద బేల్దారి నన్ను ఏమీ అనలేదు. సన్నని ట్యూబులో నీళ్ళు నింపి, ఒక కొన నా చేతికిచ్చి, రెండో కొన పట్టుకొని చివరిదాకా నడిచాడు. ‘సూడు నాయనా, ఈ కొసా ఆ కొసా ఒగటే మట్టం. యాడికి పోతాయి నీళ్ళు?’ అన్నాడు. నేనిచ్చిన 3 సెంటీమీటర్ల వాలును యంత్రమే మింగేసిందన్న మాట.

అది ఎట్లా జరిగిందో చూద్దాం. తనంతట తానే మట్టం చేసుకునే ఈ లేజర్ లోపల ఒక చిన్న లోలకం ఉంటుంది. స్టాండు కాస్త వంకరగా ఉన్నా, లోలకం భూమ్యాకర్షణ వల్ల నిలువుగా వేలాడుతుంది. దాని ఊపును అయస్కాంతాలు అణచివేస్తాయి. చాలా రకాల్లో వంకర సుమారు 4 డిగ్రీలు దాటితే గీత మిణుకుమిణుకుమంటుంది, లేదా ఆరిపోతుంది. నేను మోసపోయింది ఇక్కడే. గీత నిలకడగా ఉంటే మట్టం సరిగా ఉన్నట్లే అనుకున్నాను. నిజానికి గీత నిలకడ చెప్పేది లోలకం స్వేచ్ఛగా వేలాడుతున్నదని మాత్రమే. ఆ లోలకానికి బిగించిన కాంతి సరియైన కోణంలో ఉన్నదా అన్నది వేరే సంగతి. మోటారు సైకిలు మీద కుదుపులు తిన్నా, లోలకానికి తాళం వేయకుండా మోసినా, ఒకసారి చేయిజారి కిందపడినా ఆ కోణం చెడవచ్చు. అప్పుడు యంత్రం ప్రతిసారీ అదే తప్పును ఎంతో నమ్మకంగా చెబుతుంది.

కాబట్టి పరీక్ష చేయాలి. దీనికి ఎదురెదురుగా 5 మీటర్ల దూరంలో రెండు గోడలు చాలు. యంత్రాన్ని ‘అ’ గోడకు ఆనించినంత దగ్గరగా పెట్టి, గీత పడిన చోట ఒక గుర్తు పెట్టండి. యంత్రాన్ని వెనక్కు తిప్పి, ఎదుటి ‘ఆ’ గోడ మీద రెండవ గుర్తు పెట్టండి. ఇప్పుడు యంత్రాన్ని ‘ఆ’ గోడ దగ్గరకు మార్చి, గీత సరిగ్గా ఆ రెండవ గుర్తు మీద పడేటట్లు స్టాండు ఎత్తు సర్దండి. మళ్ళీ వెనక్కు తిప్పి ‘అ’ గోడను చూడండి. గీత మొదటి గుర్తు మీదనే పడితే యంత్రం నిర్దోషి. పడకపోతే ఆ తేడా రెండింతలైన తప్పు. పోయేటప్పుడు ఒక 5 మీటర్లు, వచ్చేటప్పుడు ఒక 5 మీటర్లు, మొత్తం 10 మీటర్ల తప్పు ఒకేచోట పోగుపడి కనిపిస్తుంది. సాధారణంగా తయారీదారులు మీటరుకు 0.3 మిల్లీమీటరు దాకా తేడా ఉండవచ్చునంటారు. ఆ లెక్కన ఇక్కడ 3 మిల్లీమీటర్లు మించరాదు. మా వసారాలో నేను చేసిన పరీక్షలో వచ్చిన తేడా 10 మిల్లీమీటర్లు! అంటే మీటరుకు 1 మిల్లీమీటరు, 30 మీటర్లకు 3 సెంటీమీటర్లు. నా వాలు ఎక్కడికి పోయిందో లెక్క తేలింది.

ఇంకా రెండు పరీక్షలున్నాయి. గోడకు 5 మీటర్ల దూరంలో యంత్రం నిలిపి, గీత నడిమి భాగం పడినచోట ఒక చుక్క పెట్టండి. యంత్రాన్ని కొద్దిగా తిప్పి గీత ఎడమ కొనను, తరువాత కుడి కొనను అదే చుక్క దగ్గరకు తెచ్చి చూడండి. గీత చుక్కకు పైకో కిందికో జరిగితే అది పక్కకు వాలి ఉన్నట్లు. నిలువు గీతకైతే పరీక్షాధికారి మన తూకపు గుండే. గాలి లేనిచోట దారం వేలాడదీసి, దాని వెంబడి గీత పోతున్నదో లేదో చూస్తే చాలు.

ఈ ఉపాయం లేజరుతో వచ్చినది కాదు. విలియం గ్రావట్ 1832లో డంపీ లెవెల్ రూపొందించాడు. సర్వే క్యాంపులో ‘రెండు గూటాల పరీక్ష’ చేసిన మిత్రులకు ఇది గుర్తుండే ఉంటుంది. 60 మీటర్ల దూరంలో రెండు గూటాలు నాటి, సరిగ్గా మధ్యన లెవెల్ పెడితే స్టాఫు మీద 1.425, 1.310 వచ్చాయనుకుందాం. తేడా 0.115 మీటరు. దూరాలు సమానం గనుక రెండు వైపులా తప్పు సమానమై కొట్టుకుపోతుంది. ఇదే నిజమైన తేడా. తరువాత లెవెలును మొదటి గూటం పక్కకు మార్చితే 1.502, 1.393 వచ్చాయనుకోండి. ఇప్పుడు తేడా 0.109. ఆ 6 మిల్లీమీటర్లే యంత్రదోషం. ఇందులోనే ఒక కిటుకు దాగి ఉంది. తప్పుడు యంత్రమైనా సరే, దాన్ని నడిమధ్యన నిలిపి, దాని ఒకే ముఖాన్ని ఇరువైపులకూ తిప్పి చూస్తే నిజమే చెబుతుంది. ఆ సాయంత్రం నేను తొట్టి దగ్గర గాక కాలువ మధ్యన నిలబడి ఉంటే నాకీ తలవంపు తప్పేది!

మన కె.సి. కెనాలును ఈ దృష్టితో ఒకసారి చూడండి. మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ 1863-1870 మధ్య దానిని తవ్వించింది. 1882లో ప్రభుత్వం కొనుక్కున్నది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో మొదలై, కర్నూలులో అక్విడక్టు మీదుగా హంద్రీని దాటి, కడప దాకా సుమారు 306 కిలోమీటర్లు సాగుతుంది. ఒక కాలువకు కిలోమీటరుకు 20 సెంటీమీటర్ల వాలు అనుకుందాం. నా అద్దె యంత్రం తప్పు కిలోమీటరుకు ఒక మీటరు! ఎప్పుడూ ఒకే పక్కకు చూస్తూ, అటువంటి యంత్రాన్ని నమ్మి తవ్వి ఉంటే తుంగభద్ర నీళ్ళు కడప ముఖం చూసేవా?

చివరగా ఒక్క మనవి. యంత్రం అద్దెకు తెచ్చినా, కొన్నా, కిందపడినా, పని మొదలుపెట్టే ముందు ఈ పది నిమిషాల పరీక్ష మానవద్దు. ఎండలో ఉంచినదాన్ని వెంటనే వాడక, కొంతసేపు నీడన పెట్టండి. లేజర్ కాంతిలోకి నేరుగా చూడవద్దు. నీళ్ళ ట్యూబును పారేయవద్దు. అందులో గాలిబుడగలు లేకుండా చూసుకుంటే అది నేటికీ నమ్మదగిన సాక్షి. దోషమున్న యంత్రాన్ని దాచకుండా, దాని మీద రాసి మరీ తిరిగి ఇవ్వండి. లేకుంటే రేపు ఇంకొకరి కాలువలో నీళ్ళు నిలుస్తాయి.

మా కాలువను విప్పి మళ్ళీ కట్టాం. రెండవసారి నీళ్ళు చీనీ చెట్ల పాదుల్లోకి చేరాక పెద్ద బేల్దారి నవ్వి, ‘ఇప్పుడు సరిపాయె నాయనా’ అన్నాడు. నాకు పట్టా ఇచ్చిన రోజున కూడా అంత సంతోషం కలుగలేదు.