త్రిభుజం నిలబెట్టిన దూరదర్శిని

తెలుగులో చదివితే సైన్సు ఎక్కదనే మాట బాగేపల్లి, చింతామణి, చిక్కబళ్లాపురం బడుల్లో మేం తరచూ వింటుంటాం. అందుకే పిల్లలతో కలిసి దూరదర్శిని చేశాం.

కింద పెట్టెలో 6 అంగుళాల పుటాకార దర్పణం, నాభ్యంతరం 4 అడుగులు. పైన చతురస్రపు చట్రంలో చిన్న అద్దం, కంటి దగ్గరి కటకం. రెంటినీ కలుపుతూ 4 అల్యూమినియం గొట్టాలు నిలువుగా బిగించాం. చంద్రుడి వైపు వంచగానే చట్రం ఒరిగింది, అద్దాల వరుస తప్పింది, బొమ్మ మసకబారింది.

భుజాల కొలత మారకపోయినా చతురస్రం పక్కకు వాలుతుంది. త్రిభుజం వాలదు. "సైకిల్ చట్రం లాగా సార్!" అందొక అమ్మాయి. ఈసారి 8 గొట్టాలు తీసుకున్నాం. పెట్టె ఒక్కో వైపు రెండు మూలల నుంచి రెండేసి గొట్టాలు లేచి పైన కలిసేలా 4 త్రిభుజాలు కట్టాం. ఊగడం ఆగింది. చంద్రుడి మీది గుంటలు స్పష్టంగా కనిపించాయి.

అమెరికాలోని పాలోమర్ 200 అంగుళాల దూరదర్శినికి 1935లో మార్క్ సెరూరియర్ గీసిన కూర్పుకూ త్రిభుజాలే ఆధారం.

లద్దాఖ్‌లోని హాన్లే దూరదర్శినిని మన పక్కనున్న హొసకోట నుంచే నడుపుతారు. మన పిల్లలకు అది దూరం కాదు. మీ బడిలోనూ చేసి చూడండి. సూర్యుడి వైపు మాత్రం ఎన్నడూ తిప్పనీయకండి.