నేటాలు దాకా వెళ్ళిన నెల్లూరు పాట

అమెరికాలో మన తెలుగు సంఘం సంచికలు తిరగేస్తే అన్నమయ్య కనిపిస్తాడు, త్యాగయ్య కనిపిస్తాడు, కూచిపూడి రంగుల ఫొటోలతో కనిపిస్తుంది. ఉండాల్సిందే. కానీ నెల్లూరు సముద్రపు ఒడ్డున తాటాకు కప్పిన గుళ్ళలో నూరేళ్ళకు పైగా పాడుతున్న క్రైస్తవ కీర్తనల గురించి ఒక్క పేజీ అయినా నేను ఇంతవరకు చూడలేదు. అవీ తెలుగు పాటలే. వాటికీ రాగం ఉంది, తాళం ఉంది. వాటిని పాడుకుంటూ సంసారాలు ఈదిన మనుషులున్నారు. అలాంటి ఇద్దరి సంగతి మీకు చెప్పాలి. ఒకాయన పేరు పుస్తకాల్లో ఉంది. రెండో ఆయన మా తాత.

ముందు కొంచెం చరిత్ర. పాఠం అనుకుని పేజీ తిప్పేయకండి, ఇందులో మీకు తెలిసిన మనిషి ఒకడున్నాడు.

1840లో శామ్యూల్ డే అనే అమెరికన్ బాప్టిస్టు మిషనరీ నెల్లూరు చేరాడు. ఏళ్ళు గడిచినా సంఘంలో చేరినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేంత మందే. 1853లో ఆల్బనీ నగరంలో మిషన్ పెద్దల సభ జరిగినప్పుడు, ఈ నెల్లూరు పని మానేద్దామా అని చర్చ వచ్చింది. గోడమీది పటంలో నెల్లూరు దగ్గర ఒకే ఒక్క చుక్క ఉందని ఎవరో అన్నారట. శామ్యూల్ ఫ్రాన్సిస్ స్మిత్ ఆ రాత్రి కూర్చుని ఆ ఒంటరి చుక్క మీద కవిత కట్టాడు. అది సభలో చదివాక మానేద్దామన్న మాట మళ్ళీ ఎత్తలేదు. ఈ స్మిత్ ఎవరనుకున్నారు? 1831లో 'అమెరికా' అనే దేశభక్తి గీతం రాసినాయనే, మీరు బడిలో పాడుకునేదే. అప్పటినుంచి మా నెల్లూరు మిషన్‌కు 'లోన్ స్టార్' అని పేరు పడింది. టెక్సాస్ పిల్లలు ఆ పేరు తమ ఒక్కరిదే అనుకుంటారు, అందులో మాకూ వాటా ఉంది.

తర్వాత ధాత కరువు వచ్చింది, 1876 నుంచి 78 దాకా. బకింగ్‌హాం కాలువలో కొంత తవ్వకం ఆ కరువు పనుల్లోదే. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ (ఒంగోలు అప్పట్లో నెల్లూరు జిల్లాలోదే) మూడున్నర మైళ్ళ కాలువ తవ్వకం గుత్తకు తీసుకుని ఆకలితో ఉన్నవాళ్ళకు కూలి ఇప్పించాడు. కరువున్నన్నాళ్ళూ ఎవరికీ బాప్తిస్మం ఇవ్వనన్నాడు, తిండి కోసం వచ్చారని ఎవరూ అనకుండా. ఆ గడువు తీరాక, 1878 జులై 3న, వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పుచ్చుకున్నారు. వాళ్ళలో అక్షరం ముక్క వచ్చినవాళ్ళు చాలా తక్కువ. బైబిలు వాళ్ళకు చెవుల ద్వారా వచ్చింది, కీర్తనల్లో వచ్చింది. పర్లాకిమిడి వైపు మనిషి పురుషోత్తమ చౌదరి (1803-1890) రాసిన నూటికి పైగా కీర్తనలు, ఆ తర్వాత మరెందరో రాసినవి అన్నీ చేరి 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' అనే పుస్తకమయ్యాయి. ఆ పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు అచ్చువేసి ఉంటాయి. దొరల బాణీకి తెలుగు మాటలు అతికించిన పాటలూ ఉన్నాయనుకోండి. అవి నోట్లో అంత తేలిగ్గా తిరగవని నా అభిప్రాయం.

ఇక పుస్తకాల్లో పేరున్న ఆయన. జాన్ రంగయ్య, నెల్లూరు బడిపంతులు. 1860లో మద్రాసు నుంచి ట్రూరో అనే ఓడ దక్షిణాఫ్రికాలోని నేటాలుకు మొదటి కూలీలను తీసుకెళ్ళింది. ఆ తర్వాత యాభై ఏళ్ళపాటు ఒడంబడిక కాగితం మీద వేలిముద్ర వేసి లక్షన్నర మంది వెళ్ళారు, చెరుకు తోటలకు, తేయాకు తోటలకు, బొగ్గు గనులకు. అందులో మన తెలుగువాళ్ళు చాలామంది. బాప్టిస్టులైనవాళ్ళు ఆ తోటల్లోనే కూడి ప్రార్థన చేసుకుంటూ, మాకొక కాపరిని పంపండని ఇంటికి కబురు పెట్టారు. ఇండియాలోని తెలుగు సంఘాలు తమ సొంత కానుకలతో రంగయ్యను పంపాయి. అమెరికా డబ్బు కాదు, మన పల్లెల అణాలు, బేడలు. ఈ మాట మీరు గుర్తుపెట్టుకోవాలి. 1903లో ఆయన భార్యాపిల్లలతో సహా ఓడెక్కి డర్బన్‌లో దిగాడు. ఆ డిసెంబరులోనే కియర్స్‌నీ తేయాకు తోటలో తెలుగు బాప్టిస్టు సంఘం వెలిసింది. తోట తోటకూ తిరిగి సంఘాలు కట్టాడు. 1915లో ఆ దేశంలోనే కన్నుమూశాడు. కొడుకు థియొడోర్ తర్వాత ఆ పని అందుకున్నాడు. మనం వీసా, ఉద్యోగం, ఇల్లు చూసుకుని వచ్చినవాళ్ళం. ఆయన పెళ్ళాం పిల్లలతో పరాయి దేశపు కూలీ బ్యారకుల మధ్యకు వెళ్ళాడు.

రంగయ్య గారి పేరు నేను మొదట విన్నది మా తాత నోట. తాత బకింగ్‌హాం కాలువ మీద పడవ నడిపేవాడు. ఇస్కపల్లి ఉప్పు, సరివి కట్టెలు నింపుకుని మద్రాసు వెళ్ళేవాడు. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గడ వెయ్యడం, అదీ కాకపోతే గట్టు మీద నడుస్తూ తాడుతో లాగడం. ఒకసారి పోతే ఎన్నాళ్ళకొస్తాడో చెప్పలేం. వచ్చిన రోజు మాత్రం అల్లూరు దాకా తెలిసేది, అంత గొంతు. ఆదివారం గుడిలో కంజీర ఆయనదే. మా ఊళ్ళో రామభజన వాళ్ళ కంజీర పగిలితే తాతదే అడిగి పట్టుకెళ్ళేవాళ్ళు, తాత కాదనేవాడు కాదు.

తాతకు చదువు రాదు. అవ్వ మిషన్ బడిలో మూడో తరగతి చదివింది. అందుకని రోజూ సందెవేళ కుటుంబ ప్రార్థనలో అవ్వ లాంతరు దగ్గరికి పుస్తకం జరుపుకుని చరణం చదివేది, తాత దాన్ని ఎత్తుకునేవాడు, మేమంతా వెనక పాడేవాళ్ళం. నిజానికి ఆ పాటలన్నీ తాతకు కంఠతా వచ్చు. అయినా "చదువు మే" అని ఆగేవాడు. అవ్వ చదవందే ఎత్తుకునేవాడు కాదు. ఎందుకు నాయనా అని మా చిన్నాన్న ఒకసారి అడిగితే, "ఆమె చదువుతాంటే వినాలని" అన్నాడు. మా అవ్వ సిగ్గుపడి పుస్తకం మూసేసింది.

పొద్దున కొట్టుకున్న పిల్లలు ప్రార్థనలో పక్కపక్కన కూర్చోవాలి, అది తాత చట్టం. పాట మొదలుపెట్టాల్సింది కూడా వాళ్ళే. కోపంతో ముక్కు ఎగబీలుస్తూ పల్లవి ఎత్తుకుంటే ఎలా ఉంటుందో ఊహించుకోండి. రెండో చరణానికి నవ్వొచ్చేసేది. వంటింట్లోంచి చేపల పులుసు వాసన వస్తూ ఉండేది, తాత ప్రార్థన మాత్రం ఇంట్లో ఒక్కొక్కరి పేరూ చెప్పుకుంటూ, గొడ్డునీ గోదనీ కలుపుకుంటూ, మద్రాసు ఉప్పు సావుకారు దాకా సాగేది. నేను ఒక కన్ను తెరిచి చూస్తే, కళ్ళు మూసుకునే, "ఏందిరా అబ్బయ్యా, పులుసు యాడికీ పోదులే" అనేవాడు. ఎలా తెలిసేదో!

మా పెద్ద మేనత్త కాన్పులో పోయింది. మట్టి చేసి వచ్చిన రాత్రి ఈ పూటకు ప్రార్థన ఉండదనుకున్నాం. తాత లాంతరు ముట్టించి పిలిచాడు. కూర్చున్నాడు గానీ గొంతు పెగల్లేదు. ఎప్పుడూ చదవడమే తప్ప పాడని అవ్వ ఆ రోజు పాడింది. శ్రుతీ లేదు, తాళమూ లేదు. అత్త బిడ్డను వాళ్ళిద్దరే పెంచారు. పడవ పని మానుకుని తాత రెండేళ్ళు ఊరు కదలలేదు, ఉప్పు మడుల్లో కూలికి పోయాడు. ఆ బిడ్డకు జోలగా కూడా కీర్తనలే పాడేవాడు. ముఖారి రాగంలో జోల పాడితే పిల్లలు నిద్రపోతారా అని మీ సంగీతం టీచర్లు అడగొచ్చు. పోయేవాళ్ళు.

ముసలితనంలో తాతకు ఆచార్య ఏ. బి. మసిలామణి గారు రాసిన నావ పాట అంటే ప్రాణం. జీవితమంతా కాలువలోనే పడవ నడిపినా, సముద్రం కాలువ పక్కనే కదా, అలల మాట వచ్చేచోట ఆయన గొంతు కంపించేది.

ఈ పాటలు మన సంచికల్లోకి ఎందుకు రాలేదో నాకు తెలియక కాదు. ఇవి ఊరికి దూరంగా ఉన్న మాలపల్లెల్లో, మాదిగపల్లెల్లో పెరిగాయి. సంస్కృతి అంటే ఊరి నడుమ ఉన్నదే అని మనం సముద్రం దాటినా అనుకుంటున్నాం. పెద్దవాళ్ళ మీద నేను వేస్తున్న నింద ఇది, మీ మీద కాదు.

మీ మీద ఉన్నది వేరే. ఇక్కడి తెలుగు ఆరాధనల్లో పాటను ఇంగ్లీషు అక్షరాల్లో తెర మీద వేస్తున్నారు, మీరు చూసి పాడుతున్నారు. నాకు మొదట చాలా కోపం వచ్చింది. తాతకు ఏ అక్షరాలూ రావని గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. గిటారు మీదా, డ్రమ్స్ మీదా నాకు ఫిర్యాదు లేదు. పోయిన క్రిస్మస్‌కు ఒక హైస్కూలు అమ్మాయి మోహన రాగంలో పాత కీర్తనను వయొలిన్ మీద వాయిస్తే, మా వయసువాళ్ళం అందరం లేచి నిలబడ్డాం. నా బెంగ ఇళ్ళ గురించే. గుడిలో వారానికోసారి తెర ఉంటుంది. ఇంట్లో సందెవేళ ఎవరి ఫోను వాళ్ళది.

డర్బన్ వైపు చూడండి. అక్కడ 1931 నుంచి ఆంధ్ర మహాసభ ఉంది, తెలుగు నేర్పడానికి చాలా పాటుపడింది. అయినా నాలుగైదు తరాల్లో ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు దాదాపు లేకుండా పోయారు. రంగయ్య గారు వెతుక్కుంటూ వెళ్ళిన ఆ కూలీల మునిమనవలకు ఇప్పుడు ఇంగ్లీషే ఇంటి భాష. వాళ్ళను తప్పుపట్టలేం, ఆ రోజుల్లో వాళ్ళ పెద్దలకు మనలాగా ఏటా ఇండియా వెళ్ళడానికి విమానం టిక్కెట్లు లేవు, వీడియో కాల్ లేదు. మీకున్నాయి.

కాబట్టి పిల్లలూ, ఈ ఆదివారం మీ తాతయ్యకో అమ్మమ్మకో నాయనమ్మకో ఫోన్ చేయండి. వాళ్ళు ఏ మతమైనా సరే, ఇంట్లో సందెవేళ పాడిన పాట ఒకటి పాడమనండి. అది ఫోన్లో రికార్డు చేసుకోండి. ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ ఊళ్ళోనో అడిగి రాసుకోండి. వచ్చే సంచికకు పంపితే సంపాదకులతో మాట్లాడి పేజీలు ఇప్పించే పూచీ నాది.